పల్పిట్ మీద రెండు నిమిషాలు

ఆదివారం పల్పిట్ మీంచి చెప్పే ప్రసంగం ముందుగా వినేది సంఘం కాదు, పాస్టరమ్మ. భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ వింటుంది. చెయ్యి ఆగిందంటే ఆ వాక్యం తేడా కొట్టిందన్నమాట. పాతికేళ్లుగా పాస్టరు గారికి ఇదే పరీక్ష. ఈమధ్య ఫిలాసఫీ చదువుతున్న కూతురు కూడా పక్కన చేరి వంకలు పెడుతోంది.

ఆ రోజు ఆయన మంచి ఊపు మీదున్నారు. "చివరగా, ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థి గారు పల్పిట్ మీంచి రెండు నిమిషాలు మాట్లాడతారు."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

"చర్చి కప్పు కారుతోందిగా, కొత్తది వేయిస్తానన్నారు" అన్నారాయన, ఎవరూ అడక్కుండానే.

"అధికారానికి వేదిక అప్పగించిన సంఘానికి దాన్ని ప్రశ్నించే నైతిక అర్హత ఉండదు నాన్నా" అంది కూతురు.

"ఇహలోక అధికారం కూడా దైవసంకల్పంలో భాగమే. వేదాంత కళాశాలలో మూడేళ్లు నేనేం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేదు."

"దైవసంకల్పానికి ప్రచారం ఎందుకు?"

"ఇద్దరూ నాకర్థమయ్యేలా పోట్లాడుకోండి" అంది పాస్టరమ్మ.

"మార్కెట్లో బండ్లన్నీ తీయించింది ఆయనేనమ్మా. మన సంఘంలోని పళ్లావిడ బండి కూడా పోయింది. ఆవిడ కూర్చుని ఆయనకి చప్పట్లు కొట్టాలా? ఆయన పల్పిట్ ఎక్కితే నేనింక చర్చికి రాను."

పాస్టరు గారు ప్రసంగం కాగితం పక్కన పెట్టారు. ఎందరినో చర్చికి రప్పించిన మనిషి, ఉన్న ఒక్క పిల్లనీ పోగొట్టుకుంటాడా? అయినా నోరు ఊరుకోలేదు. "రాకు. నీ తత్వవేత్తల దగ్గరికే పో."

కూతురు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"నువ్వైనా చెప్పు దానికి" అన్నారాయన.

పాస్టరమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు నేను పళ్లావిడని. నా బండి తీయించినాయన మన దేవుడి బల్ల దగ్గర ఎందుకు నిలబడ్డాడు అయ్యగారూ?"

"అదీ... కప్పు..."

ఆయనకి ఒళ్లంతా సిగ్గేసింది. ఫోను తీసి అభ్యర్థికి కలిపారు.

"అయ్యా, మీరు తప్పకుండా రండి. మీకోసం ప్రార్థన చేస్తాం. మైకు మాత్రం ఇవ్వలేను." అవతలాయన కప్పు సంగతి ఎత్తినట్టున్నాడు. "తెలుసండీ. బకెట్లు పెట్టుకుంటాం."

తలుపు తెరుచుకుంది. "ఆయన కోసం ప్రార్థనా? నావల్ల కాదు నాన్నా."

"నావల్లా అయ్యేట్టు లేదమ్మా" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. "ఓటు ఎవరికైనా వేసుకో. ప్రార్థన మాత్రం తప్పదు. నువ్వు ఎదురుగా ఉంటే చెయ్యగలను."

కూతురికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"వస్తాను గానీ, ఆమెన్ మాత్రం మెల్లగా అంటాను" అంది.