న్యాయాధికారి బెత్తం

రోమన్ల ఏలుబడికి ఉత్తరపు కొసన, కొండ నెత్తిన నిలిచిన అర్వెన్నా దుర్గాన్ని శత్రువులు చుట్టుముట్టి నలభై దినాలు గడిచాయి. బురుజుల మీద గద్ద చిహ్నపు పతాకాలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. వాటి నీడలో రోమన్ వీరులు శౌర్యాన్ని గురించి ప్రసంగిస్తుండగా, వారు తాగే ప్రతి నీటిచుక్కనూ పన్నెండుమంది బానిసస్త్రీలు కొండ దిగువ బావి నుంచి మోసుకొస్తున్నారు. ఈ పన్నెండుమంది కాక మరి ముగ్గురు పోయిన వారం బాణాలకు కూలారు. వారి కోసం ఎవరూ ప్రసంగించలేదు.

మిగిలినవారిలో థ్రెస్సా నిండు చూలాలు. దాసి కడుపున పుట్టిన బిడ్డ దాస్యంలోనే పుడుతుంది. కాన్పుకు ఒక్క గడియ ముందు తల్లికి విముక్తి కలిగినా బిడ్డ స్వతంత్రంగా పుడుతుంది. అది రోమన్ల చట్టం. గాయపడిన భటులకు బాణాల నడుమ నీళ్లందించినందుకు మెచ్చి, ఆమె యజమాని అయిన సేనాపతి కాల్వస్ విముక్తి ప్రసాదిస్తానని మాట ఇచ్చాడు. కాని మాటతో సరిపోదు, న్యాయాధికారి బెత్తం తలను తాకాలి. కోటలో ఆ అధికారం ఒక్క నార్బస్‌దే. ఆ మహానుభావుడు ఇవాళ తీర్పు పలకరాని దినమనీ, రేపు అశుభమనీ నెలరోజులుగా తిప్పుతున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత రోమన్లకు తెలియదు గాని, ఆచరణలో వారికి ఎవరూ సాటిరారు.

ఆనాటి ఉదయం పడమటి దిడ్డివాకిలి దగ్గర నీళ్లు దింపుతూ శత్రువుల దూతతో నార్బస్ జరిపే మంతనాలు ఆమె విన్నది. మధ్యాహ్నం కావలి మారే వేళ అతడు వాకిలి తెరుస్తాడు. బదులుగా శత్రువులు అతని ప్రాణం కాపాడతారు. బానిసస్త్రీలందరూ శత్రు సైనికులకు బహుమానం. దూత వెళ్లాక వెనుదిరిగిన నార్బస్ ఆమెను చూశాడు, కాని జంకలేదు.

"హింసించి చెప్పిస్తే తప్ప బానిస మాట సాక్ష్యం కాదు. ఆ హింసకు నీ బిడ్డ బతుకుతుందా? నోరు మూసుకో, విముక్తి ఇప్పిస్తాను."

"ఇప్పుడే ఇప్పించండి ప్రభూ, మూసుకుంటాను," అంది థ్రెస్సా.

నార్బస్ ఒప్పుకున్నాడు. బానిసలను ఏనాడూ మనుషులుగా తలచనివాడు గనుక, బెత్తం తాకిన మరుక్షణం ఆ నోటికి సాక్ష్యమిచ్చే అర్హత వస్తుందని చట్టమంతా చదివినా అతనికి తోచలేదు. అశుభ దినం కాస్తా శుభ దినమైపోయింది.

సభాప్రాంగణంలో బెత్తం ఆమె తలను తాకింది. ఆచారం ప్రకారం సేనాపతి ఆమెను ఒక చుట్టు తిప్పి చేయి వదిలాడు. తిరిగిన ఆమె కంటికి కడవలతో నిలబడ్డ పదకొండుమందీ కనిపించారు. నోరు తెరిస్తే కోటలో బెత్తం పట్టే ఒకే ఒక్కడు పోతాడు, వారి విముక్తికి దారి మూసుకుపోతుంది. తెరవకపోతే పొద్దుగూకేసరికి వారు శత్రువుల గుడారాల్లో ఉంటారు. ఇంత దిక్కుమాలిన స్వేచ్ఛ ఉంటుందా అని ఆమె గుండె మండింది.

"సేనాపతీ, ఆలకించండి. నేనిప్పుడు స్వతంత్రురాలిని, నా మాటకు హింస అక్కరలేదు. ఈ న్యాయాధికారి నేటి మధ్యాహ్నం పడమటి వాకిలి శత్రువులకు తెరవబోతున్నాడు. మీ మీద ప్రేమతో చెప్పడం లేదు. ఈ కోట రాయి మీద రాయి లేకుండా కూలినా నా కంట చుక్క నీరు రాలదు. కూలితే ముందుగా నలిగేది ఈ పదకొండుమంది."

నార్బస్ దుస్తుల మడతల్లో దిడ్డివాకిలి తాళంచెవి దొరికింది. మధ్యాహ్నం ఆ వాకిలికి వచ్చిన శత్రువులను ఈటెలు పలకరించాయి, సాయంత్రానికి ముట్టడి సడలింది.

నీ విశ్వాసానికి మెచ్చాను, ఏం కావాలో కోరుకొమ్మన్నాడు కాల్వస్. అది విశ్వాసం కాదని చెప్పి, పదకొండుమందినీ విడిపించమంది థ్రెస్సా.

"బెత్తం పట్టేవాడు సంకెళ్లలో ఉన్నాడు. రోము నుంచి మరొకడు వచ్చేదాకా నా చేతుల్లో లేదు," అన్నాడు సేనాపతి. ఆ గొంతులో విచారం కన్నా ఊరటే ఎక్కువ.

ఆ రాత్రే బానిసల కొట్టంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మోతకత్తెల్లో పెద్దదైన నేపె మంత్రసానితనం చేసి, బొడ్డు కోసి, పసిదాన్ని తల్లి పక్కన పడుకోబెట్టింది. తరువాత రెండడుగులు వెనక్కి జరిగి, దొరసానుల ముందు నిలబడ్డట్టే తల వంచుకొని నిలబడింది.

థ్రెస్సా ఆ ముసలి చేతులు పట్టుకొని భోరున ఏడ్చింది. నేపె తల ఎత్తలేదు.