అక్క కుడి మోకాలు

ఆ రోజు ఇంట్లో నాన్న పున్నారావు ఉన్నాడు, అమ్మ ఉంది, నానమ్మ ఉంది, పొద్దున్నే చీరాల నుంచి దిగిన బాబాయి ఏడుకొండలు ఉన్నాడు, గోడవతల ఇంటి నుంచి వచ్చి పడక్కుర్చీ పట్టుకున్న పిచ్చయ్య పెదనాన్న ఉన్నాడు. మేదిని కూడా ఉంది గానీ, పదిహేనేళ్ల మేదిని ఎక్కడున్నా ఉన్నట్టు ఎవరికీ తోచదు. వెనక గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని, పద్దెనిమిదేళ్ల అక్క హిమజ నిద్రపోతోంది.

అది బేరాల రోజు. చెడుగుడు జట్లు ఏడాదికొకసారి ఒకదానితో ఒకటి ఆటగత్తెలను మార్చుకునే రోజు. ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలో పూర్వం జట్టు యజమానులే తేల్చుకునేవారట. మునుచూపు పలకలు వచ్చాక ఆ పని అభిమానుల చేతికి వచ్చింది. ప్రతి జట్టుకూ నారుమడి అనే పిల్లల జట్టు ఉంటుంది. అందులో చేరిన ప్రతి పిల్లకూ చీలమండకు ఒక సన్నని పట్టీ కడతారు. పరుగు, గెంతు, కూతలో ఆగిన ఊపిరి, నిద్రలో ఒత్తిగిలడం, అన్నిటినీ ఆ పట్టీ పసిగడుతుంది. దాన్నిబట్టి ఆ పిల్ల ఇరవయ్యో ఏట ఎలా ఆడుతుందో, ఇరవై అయిదో ఏట ఎలా ఉంటుందో గోడమీది పలక బొమ్మకట్టి చూపిస్తుంది. ఒక జట్టు పిల్లల మునుచూపు ఆ జట్టు అభిమానులకే కనబడుతుంది, అవతలి జట్టుకు కనబడదు. ఆ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పకూడదు. చెబితే ఆమె అడుగు మారుతుంది, లెక్క చెడుతుంది. చెప్పిన ఇంటికి ఆపైన ఓటు ఉండదు.

ఆ ఏడు వీళ్లు అభిమానించే గుండ్లకమ్మ జట్టువాళ్ల కన్ను పద్మలీల మీద పడింది. పెన్నా జట్టులో పన్నెండేళ్లుగా ఆడుతున్న కూతగత్తె ఆమె. వయసు ముప్పై దాటింది. అయినా ఆమె గీత దాటి వస్తుంటే అవతల నిలబడ్డవాళ్ల కాళ్లు ఇంకా తడబడతాయి. ఆమెను ఇవ్వడానికి పెన్నావాళ్లు ఒప్పుకున్నారు, బదులుగా నారుమడిలోంచి ఒకే ఒక్క పిల్లను అడిగారు. ఆ పిల్ల హిమజ. బేరం కుదిరితే హిమజ ఏడేళ్లపాటు పెన్నావాళ్ల పిల్ల.

బాబాయికి మొదట ఇది నచ్చలేదు. చేలో పచ్చగా ఉన్న నారు పీకి ఇచ్చి, పక్కవాడి ముదురు కంకి తెచ్చుకోవడం ఏం సేద్యమని వాదించాడు. పద్మలీల మహా ఆడితే రెండేళ్లు ఆడుతుందని, ఆ తరవాత ఆమెను కూర్చోబెట్టి మేపాలని అన్నాడు. పిచ్చయ్య పెదనాన్న ఒప్పుకోలేదు. తన గుండె ఆగేలోపు గుండ్లకమ్మ ఒక్కసారి కప్పు ఎత్తాలని, నారు ఎదిగేదాకా కాచుకుని కూర్చునే ఓపిక తనకు లేదని చెప్పాడు.

వాళ్లు మాట్లాడుకుంటున్నది ఆ గదిలో నిద్రపోతున్న మనిషి గురించేనని మేదిని తనకు తాను రెండుసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

"కుర్రది బాగుందిలేరా, కాదన్లా," అన్నాడు నాన్న. "నువ్వు ఇది చూడలా ఇంకా."

అమ్మ వేసి పెట్టిన మిరపకాయ బజ్జీల నూనె ఆయన వేళ్లకు ఇంకా ఉంది. ఆ వేళ్లతోనే పలక మీద అక్క బొమ్మను లాగాడు. ఇరవై రెండేళ్ల అక్క కనిపించింది. కూత పెడుతూ వచ్చి, ఎడమకు చటుక్కున మళ్లి, వెనక్కి తిరిగింది. కుడి మోకాలు లోపలికి మడతపడింది. ఆమె కూలిపోయింది. నాన్న మళ్లీ వెనక్కి జరిపి, మోకాలిని రెండు వేళ్లతో సాగదీసి పెద్దది చేశాడు. చర్మం పోయింది, ఎముక కనిపించింది. ఎముకల మధ్య ఎర్రని దారం పుటుక్కుమంది. పలక మీద అక్క తొడ నుంచి పాదం దాకా నూనె మరక సాగింది.

బాబాయి ముందుకు వంగి చూశాడు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసే మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆయన ముఖం అలాగే ఉంది. తొడలు బలంగానే ఉన్నాయి గదా అన్నాడు. మళ్లీ చూపించమన్నాడు. నాన్న చూపించాడు. అక్క మళ్లీ కూలిపోయింది. పిచ్చయ్య పెదనాన్న తనకు కళ్లజోడు లేక సరిగా ఆనలేదంటే ఇంకోసారి కూలిపోయింది. మేదినికి నోట్లో ఉన్న బజ్జీ మింగుడు పడలేదు. అరచేతిలోకి ఉమ్మి, గుప్పిట మూసుకుంది. పిండి ముద్ద గుప్పిట్లో వెచ్చగా, మెత్తగా తగిలింది.

"ఈ సంగతి పెన్నావోళ్లకి తెలవదు," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. "వాళ్ల పట్టీ కట్టాక గానీ తెలవదు. ఈలోపే ఇచ్చేయాల."

"నాలుగేళ్లు బానే ఆడుద్దిగా వాళ్లకి," అన్నాడు బాబాయి. అప్పటికే ఆయన మనసు మారిపోయింది. "మోసమేం గాదు."

ఏదైనా అనవలసిన వాళ్లు ఇంకా ఇద్దరున్నారని మేదిని అనుకుంది. నానమ్మ ఆకూవక్కా దవడకు పెట్టుకుని, ఆడపిల్ల ఎట్టాగూ బయటికి పోయేదేనని, ముందుగా పోతే బయం పోతుందని తేల్చేసింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే మాట్లాడింది. పెన్నావాళ్ల దగ్గర కూరల్లో కారం ఎక్కువ వేస్తారేమోనని ముందు దిగులుపడింది. తరవాత చట్టి దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"యాడున్నా ఇరిగేదే గదా," అంది. "వాళ్ల కాడ ఇరిగితే వైద్దెం వాళ్లే చూసుకుంటారు. పంపించండి."

ఎండ దిగేవేళకు పలక పచ్చబడింది. అంటే ఓటు వినడానికి సిద్ధమైందని. ఓటు నోటితోనే చెప్పాలి, ఉంచండి అనో పంపండి అనో. పలకలు ఊళ్లోకి వచ్చిన మొదటి ఏడు సగం మంది ఆడవాళ్లూ పిల్లలూ నోరు విప్పక ఓట్లన్నీ గాలికి పోయాయి. అప్పుడు పెద్దమనుషులు పలక చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి, మా ఊళ్లో పెద్దవాడి ముందు మాట్లాడకుండా ఉంటే ఒప్పుకున్నట్టేనని చెప్పి వచ్చారు. వాళ్లు ఆ వాడుకను పలకకు నేర్పారు. అప్పటి నుంచి మాట్లాడనివాళ్ల ఓటు ఇంటి యజమాని ఓటులో కలుస్తుంది.

నాన్న పంపండి అన్నాడు. బాబాయి ఓటూ ఈ ఇంటి లెక్కలోదే, ఆయనా అన్నాడు. నానమ్మ ఆకు ఉమ్మి వచ్చి అంది. అమ్మ అంది.

పలక మేదిని పేరు పిలిచింది. ఆమెకు ఓటు వచ్చిన మొదటి ఏడు అదే. చెప్పవలసిన మాట నాలిక మీదే ఉంది, పొద్దుటి నుంచి ఉంది. అందరూ తన వైపు తిరిగారు. అంతమంది ఒకేసారి తనను చూడడం ఆమెకు ఎప్పుడూ జరగలేదు. నూనె పెదవులు, ఎర్రని పళ్లు, పలక మీద ఇంకా తుడవని మరక. చెవులు వేడెక్కాయి, మొదటి అక్షరం పెదవుల దాకా రాలేదు. బడిలో పద్యం అప్పజెప్పమన్నప్పుడు రానట్టే.

"నువ్వేం అనక్కర్లేదులే బుజ్జీ," అన్నాడు నాన్న, ఎంతో ప్రేమగా. "అదే కలుపుకుంటది."

అది కలుపుకుంది. పచ్చదనం ఆరిపోయింది. మేదిని నోరు అప్పుడు తెరుచుకుంది, కానీ వినేదేమీ లేదు.

చుట్టుపక్కల ఊళ్లన్నిటి లెక్క తేలేసరికి వీధిలో ఎవరో డప్పు కొట్టారు. పద్మలీల వస్తోంది. పలక మీద ఇళ్లవారీ లెక్క పడింది. పున్నారావు ఇంట అందరూ పంపమన్నారని అందులో ఉంది. పిచ్చయ్య పెదనాన్న లేచి నాన్న భుజం తట్టాడు. సొంత కూతురని చూసుకోకుండా జట్టును చూసుకున్న మనిషి ఈ చుట్టుపక్కల లేడని మెచ్చుకున్నాడు. నాన్న సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

డప్పుకు హిమజ నిద్ర లేచింది. చెదిరిన జుట్టుతో గడపలోకి వచ్చి, కళ్లు నులుముకుంటూ పలక చదివింది. మోకాలి బొమ్మ అప్పటికే పోయింది, ఆమె ఎదురుగా ఉంటే పలక దాన్ని చూపించదు. పెన్నావాళ్ల బండి దీపాలవేళకు వస్తుందని, నాలుగు బట్టలు సర్దుకోమని నాన్న చెప్పాడు. అక్కడ ఆటస్థలాలు బాగుంటాయట అని బాబాయి కలిపాడు. హిమజ వాళ్ల వైపు చూడలేదు. లెక్కలో అందరూ అని ఉన్న చోటును మళ్లీ చదివి, మేదిని వైపు చూసింది.

"నీక్కూడా పద్మలీలే కావాల్సొచ్చిందటే?" అంది.

గట్టిగా అనలేదు. జవాబు కోసం ఆగింది కూడా. మేదిని తల అడ్డంగా ఊపింది. ఆ ఊపు దేనికో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? హిమజ గదిలోకి వెళ్లి సంచి దులపసాగింది.

మేదిని గుప్పిట్లోని ముద్దను నేల మీద పారేసింది. గడప దాకా నడిచింది. వెనక నాన్న ఆమె పేరు పిలిచాడు, చెబితే ఓటు పోతుందన్న బెదిరింపు ఆ పిలుపులోనే ఉంది. పోతే పోయింది, అటువంటి ఓటును కుక్క కూడా వాసన చూడదు. మంచం మీద అక్క కుడికాలు మడిచి, దాని మీదే బరువు మోపి కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మోకాలు మడతపడే రోజుదాకా ఆ కాలి మీదే గెంతుతుంది, ఎవరూ ఆమెను ఆపరు.

"అక్కా," అంది మేదిని. గొంతు వచ్చింది. ఇంట్లో అందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది. "అక్కా, నీ కుడి..."

"ఇప్పుడొచ్చిందా నోరు," అంది హిమజ. మంచం దిగి వచ్చి, తలుపు మూసింది.