రాజ్యలక్ష్మి గొంతు

“నా పేరు రాజ్యలక్ష్మి. ఈ సొమ్ము నా ఇష్టప్రకారం ఇస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదు.”

మెడలో గొలుసుకు వేలాడుతున్న స్వరసాక్షి క్షణం ఆగి, మృదువుగా బదులిచ్చింది. “క్షమించండి. మీ కంఠంలో భయం నూటికి అరవై నాలుగు పాళ్లు ఉంది. చెల్లింపు నిలిపివేశాను. మీ పక్కన ఎవరైనా ఉన్నారా?”

రాజ్యం చుట్టూ చూసింది. కడియంలో పొద్దున్న పదింటికే ఎండ చురుక్కుమంటోంది. నర్సరీ మీద పరిచిన నీడతెరలు వాటంతటవే నల్లబడుతున్నాయి. వరసలు తీరిన సపోటా అంటుమొక్కలు తప్ప కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు.

“ఎవరూ లేరు,” అంది.

“ఇది మూడో నిరాకరణ. నియమం ప్రకారం రేపు సంరక్షణాధికారిణి మీ ఇంటికి వస్తారు. ఒక విషయం మీకు తెలియజేయడం నా బాధ్యత. గత నాలుగు నెలలుగా నేను విన్న మీ మాటల నమోదుల్లో, మీ భర్త ఇంట్లో ఉన్న వేళల్లోనే మీ గొంతులో బెదురు ఎక్కువగా ఉంది.”

రాజ్యం చేతిలోని అంటుకత్తి కిందికి దిగిపోయింది.

ఆడవాళ్ల సొమ్ముకు వాళ్ల గొంతే సాక్ష్యమన్న చట్టం వచ్చి పదమూడేళ్లయింది. అంతకుముందు ఆడవాళ్ల ఖాతాలు పేరుకే వాళ్లవి. మొగుడో, కొడుకో, అన్నదమ్ముడో చెయ్యి మెలిపెట్టి వేలిముద్ర వేయించుకునేవాడు, జుట్టు పట్టుకుని ముఖం యంత్రానికి చూపించేవాడు. వేలికీ ముఖానికీ భయం తెలియదు, గొంతుకు తెలుస్తుంది అన్నారు శాస్త్రజ్ఞులు. అలా పుట్టింది స్వరసాక్షి. లక్ష దాటిన ఏ మొత్తమైనా, ఆమె బెదురు లేని గొంతుతో చెబితేనే కదులుతుంది. ఆ ఒక్క పరికరం ఎన్ని కొంపలు నిలబెట్టిందో రాజ్యానికి తెలుసు. అందుకే దాని మాట అబద్ధమని చప్పున కొట్టిపారేయలేకపోయింది.

ఇరవై రెండేళ్లు ఆమె పరాయి మళ్లలో అంట్లు కట్టింది. ఇప్పుడు యజమానురాలు చంద్రావతి గారు అరెకరం మడిని పాతికేళ్ల కౌలుకు ఇస్తానన్నారు. శుక్రవారం సాయంత్రంలోగా బయానా ముట్టాలి. లేకపోతే రాజమండ్రి నుంచి ఇంకెవరో కాచుకుని ఉన్నారు. ఈ రోజు సోమవారం.

మధ్యాహ్నం భర్త వీర్రాజు భోజనానికి వచ్చాడు. తనంతట తాను నడిచే మొక్కల లారీలో కూర్చుని, దారి పొడుగునా మొక్కలకు తడి చూసుకోవడం అతని పని.

“మడి సంగతి ఏమైందే?” అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

నిన్నటిదాకా అదే ప్రశ్న ఆమెకు ముద్దుగా వినిపించేది. ఈ రోజు గరిటె ఆగింది.

“నీకెందుకంత తొందర?”

“తొందరేవుంది? శుక్రారం గడువన్నావు కదాని అడిగాను.”

గడువు కూడా గుర్తుపెట్టుకున్నాడు. పోయిన నెల ఎంత పోగయిందని అడిగాడు. పెళ్లయిన మూడో ఏట లారీ లైసెన్సు కోసం ఆమె గాజులు తీసుకున్నాడు. తిరిగి చేయించి ఇచ్చిన మాట నిజమే, కానీ తీసుకున్నాడు కదా. చెప్పులో దూరిన ముల్లులా ఆ ఆలోచన అడుగడుక్కీ గుచ్చుకుంది. అతను వెళ్లగానే మంచం కింద అతని ట్రంకుపెట్టె తెరిచి అడుగుదాకా వెతికింది. పాత బట్టలు, కళ్లజోడు, ఆమెకు ఎప్పుడో జ్వరం వచ్చినప్పుడు రాసిన మందుల చీటీ. ఇంకేమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా ఆమెకు అనుమానంగానే తోచింది.

మర్నాడు అధికారిణి వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మర్యాదస్తురాలు. వాకిట్లో బల్ల మీద తన యంత్రం పెట్టి, వీర్రాజును ఎదురుగా కూర్చోబెట్టింది. ఇరుగుపొరుగు గోడల మీదుగా తొంగిచూశారు.

“మీ భార్య డబ్బు ఎప్పుడైనా అడిగారా?”

“అడగలేదండి.”

“ఆవిడ మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా?”

వీర్రాజు పెళ్లాం వైపు తిరిగాడు. లేదన్న మాట ఆమే అంటుందని అతని ధీమా. రాజ్యానికి లేదని తెలుసు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా లేదు. అయినా, యంత్రం కనిపెట్టింది తనకు తెలియనిదేదైనా ఉందేమోనన్న సందేహం నాలుకను పట్టుకుంది. ఊపిరి తీసి వదిలేంతసేపు ఆమె మాట్లాడలేదు.

“లేదు,” అంది చివరికి.

అధికారిణి ఆ జాప్యాన్ని రాసుకుంది. వీర్రాజును వారం రోజులు ఇంటికి దూరంగా ఉండమని ఉత్తర్వు. అతను రెండు చొక్కాలు సంచిలో పెట్టుకున్నాడు.

“లారీల షెడ్డులో ఉంటాను. గేదెకి దాణా అయిపోవొచ్చింది, చూసుకో,” అని వెళ్లిపోయాడు.

బుధవారం ఇల్లంతా ఖాళీ. రాజ్యం తలుపు గడియ వేసుకుని స్వరసాక్షికి ఆ వాక్యం మళ్లీ చెప్పింది. ఇప్పుడైనా ఖాతా తెరుచుకోవాలి కదా!

“క్షమించండి. అరవై ఆరు పాళ్లు.”

ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. ఇంట్లో అతను లేడు. భయం మాత్రం ఉంది, పైగా పెరిగింది. సాయంత్రాలు అతను వచ్చాక తామిద్దరూ మాట్లాడుకున్నది ఏమిటి? మడి గురించే. పెడదామా, పోతే ఎలా, చీడ పడితే ఎలా? ఆమె గొంతు వణికింది ఆ మాటలకు. నమోదుల్లో మాత్రం అతని పేరు పడింది.

ఆ మాటే అధికారిణికి ఫోన్ చేసి చెప్పింది. “మొదట్లో అందరూ భర్తనే వెనకేసుకొస్తారండీ,” అంది ఆ పిల్ల జాలిగా.

గురువారం పొద్దున్న, పక్క వరసలో అంట్లు కట్టే మాణిక్యం దగ్గరకొచ్చి కూర్చుంది.

“ఎర్రిదానా, మడి తలుచుకుంటా చెబితే అది ఎందుకు ఇత్తాదే? ఆ డబ్బు నీది కాదనుకో. ఎవరిదో సంచి, ఎవరికో అందిత్తన్నావనుకో. మా కోడలి ఆపరేషనుకి నేనలాగే తీశాను. మన ఈదిలో ఆడోళ్లందరికీ వచ్చిన ఇద్యే ఇది. పైకి అనరంతే.”

“అందరూనా అక్కా?”

“అందరూనే. మొగుడు తన్ని పంపినా ఇప్పుడు అలాగే చెప్పగలరు.”

అలాగైతే ఇది ఎవరికి కాపలా అనిపించింది రాజ్యానికి. అయినా సాధన చేసింది. గేదెకు గడ్డి వేస్తూ, గిన్నెలు తోముతూ, మడి మీది ఆశను పక్కకు నెట్టి, అదే వాక్యాన్ని వందసార్లు అంది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆమె మాట నాపరాయిలా నున్నగా తేలింది.

“భయం నాలుగు పాళ్లు. చెల్లింపు పూర్తయింది. అభినందనలు,” అంది స్వరసాక్షి.

చంద్రావతి గారు కాగితాల మీద సంతకం పెట్టించి భుజం తట్టారు. మడి రాజ్యానిదయింది. ఆ ఆనందం లోపల ఎక్కడో ఉందని తెలుస్తోంది గాని, పైకి రావడం లేదు.

వారం నిండాక వీర్రాజు వచ్చి మడి గట్టు దగ్గర ఆగాడు.

“లోపలికి రావొచ్చా?”

అలా అడుగుతాడని ఆమె అనుకోలేదు. దగ్గరికెళ్లి, వారం రోజులుగా దాచుకున్న మాట చెప్పింది. “నా భయం నీ గురించి కాదయ్యా. ఇంత డబ్బు నా చేత్తో పెట్టడం ఇదే మొదలు, పోతుందేమోనని. ఆ రోజు ఆవిడ అడిగినప్పుడు నేను వెంటనే చెప్పకపోవడం తప్పు.”

మాట తడబాటు లేకుండా, ఒకే మట్టాన, చదివి వినిపించినట్టు వచ్చింది. వీర్రాజు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

“ఇది నాకు చెబుతున్నావా రాజ్యం? దానికి చెప్పినట్టు చెబుతున్నావా?”

“నీకే.”

అదీ అంతే చదునుగా వచ్చింది. అతను తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియలేదు. పార తీసుకుని, “నీటి బోదె పూడిపోయింది, తవ్వాలి,” అంటూ మడి ఆ చివరికి నడిచాడు.

రాజ్యం ఈ చివర నిలబడి, తనకు మాత్రం వినపడేలా “నీకే” అని మళ్లీ అంది. గొంతు వణకలేదు. ఇంకోసారి అంది.