సుత్తి చప్పుడు

పొద్దున ఏడింటికి తండ్రి షెడ్డు తలుపు తీశాడు. నలభై ఏళ్లు కార్ల బాడీలు బాగుచేసిన మనిషి. తుప్పు ఎంత లోతుకు దిగిందో చిన్న సుత్తితో తట్టి, చప్పుడు విని చెప్పేవాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది అట్టముక్కలా పలుకుతుంది.

షెడ్డులో ఉన్నది పెళ్లయిన ఏడాది కొన్న కారు. పన్నెండేళ్లుగా కదల్లేదు. భార్య మోకాళ్లు పోయి గుమ్మం దాటడం మానేశాక, దాన్ని బాగుచేసి ఆమెను తిప్పుతానన్నాడు.

కారు తలుపుల కింద ఉండే రేకు పట్టీ పొడవునా తట్టుకుంటూ వెళ్లాడు.

“విన్నావా, ఎలా మోగుతోందో! ఇక రంగేస్తే చాలు.”

పదిహేనేళ్లుగా ఆయన పక్కన పనిచేస్తున్న కూతురు విన్నది. అట్టముక్క. వంటింట్లోకి వెళ్లింది.

“అమ్మా, నాన్నకి చప్పుడు తేడా తెలియట్లేదు.”

“కుక్కర్ కూతే వినపడట్లేదు, సుత్తి ఒక లెక్కా? నేను సణగడం కూడా మానేశా, దండగని.”

“మరి కారు?”

“చెప్పకే. చెవి కూడా పోయిందంటే ఆయనకింకేం మిగులుతుంది?”

“అందులో ఎక్కేది నువ్వు!”

“నా మోకాళ్లకంటే గట్టిగానే ఉంటుందిలే.”

కూతురు జాకీ తీసుకుని షెడ్డుకు వచ్చింది. “తలుపు పడుతుందో లేదో చూద్దాం నాన్నా.”

అది ఆయన నేర్పిన పరీక్షే. పట్టీ గట్టిదైతే, జాకీ మీద లేపినా తలుపు మూసుకుంటుంది. లోపల తుప్పు తినేస్తే బాడీ నడుం వంగి, తలుపు పట్టదు.

కారు లేచింది. ఆయన తలుపు తోశాడు. పట్టలేదు. భుజంతో తోశాడు.

“జాకీ సరిగ్గా పెట్టలేదు నువ్వు.”

“నువ్వే పెట్టు.”

పెట్టాడు. జాకీ తల పట్టీలోకి దిగింది. ఆ కరకర ఆమె విన్నది. ఆయన నేల మీద రాలిన తుప్పు చూశాడు.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“తుప్పు సంగతా?”

“చెవి సంగతి.”

ఆమె జాకీ దించింది. ఆయన సుద్దముక్క తీసి, ముందు చక్రం దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి రేకు వైపు చూడలేదు. తట్టి, కూతురి మొహం చూసేవాడు. ఆమె మొహం కదలకుండా ఉంచాలని చూసింది. కుదరలేదు. తట్టిన చోటల్లా తుప్పేనని ఆయన గీత గీశాడు. మధ్యాహ్నానికి గీతలు కారు చుట్టూ తిరిగి మొదటి చక్రం దగ్గరికి వచ్చాయి.

వంటింటి కిటికీలోంచి తల్లి కేకేసింది. “ఏమండీ, నన్నెప్పుడు ఎక్కిస్తున్నారు?”

ఆయన సుత్తి కింద పెట్టాడు. “ఏదో అడిగినట్టుంది మీ అమ్మ?”

కూతురు దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పింది.

“కారు ఇక నడవదని చెప్పు,” అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. “వద్దులే. నేనే చెప్తా. నువ్వు కూడా రా. తనేమందో నాకు చెబుదువుగాని.”