చక్రం చెప్పింది నాలుగడుగులు

బేతంచెర్ల నుంచి వచ్చిన హులిగెమ్మ మెట్లెక్కి గుమ్మంలోనే చతికిలబడింది. కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్లో గదులు బంగారమైపోయి, డిటెక్టివ్ పరాంకుశం సోడా కొట్టు మీది గదిలో కాపురం పెట్టాడు. సహాయకుడు ఓబులేసు మంచినీళ్లు ఇస్తే ఆమె సగం ఒంటిమీదే ఒలకబోసుకుంది.

"మా ఆయన గిడ్డయ్యను ఠాణాలో పెట్టినారు సామీ! గనిలో రాళ్లు పేల్సే తూటా ఒత్తి కురచగా కోసి, దాన్ని ముట్టించే మేస్త్రీ లక్ష్మన్నను సంపినాడంటాండారు. ఆయన చక్రం చెప్పినంతే కోసినాడు. రేపు మద్దేన్నం మా తమ్ముడు బసవన్న తూటా ముట్టియ్యల్ల. వాడూ ఆ చక్రాన్నే నమ్మల్ల!"

మర్నాడు పొద్దున బేతంచెర్ల ఠాణాలో గిడ్డయ్య తలెత్తలేదు.

"కోసేటప్పుడు నీ కన్నుకేమనిపించింది?" అన్నాడు పరాంకుశం.

"చాలదనిపించింది సామీ. ముప్పై ఏండ్ల కన్ను గదా. అయినా సదువుకున్నోళ్లు చేసిన చక్రం, నాలుగడుగులన్నాది. దాని ముందర నేనెంత?"

ముగ్గురాయి గని యజమాని బాలవీరారెడ్డి తన ఆఫీసు బీరువాలోంచి చక్రం తీశాడు. ఒకదానిమీద ఒకటి బిగించిన రెండు రేకు బిళ్లలు. తూటా పెట్టే గుంత లోతుకు తిప్పితే, ఒత్తి ఎన్నడుగులు కోయాలో చిన్న కిటికీలో కనపడుతుంది. ఒత్తి ఎంత పొడుగైతే, ముట్టించినవాడికి పరిగెత్తేందుకు అంత వ్యవధి.

"మద్రాసు ఇంజనీరు చేసిచ్చినాడు. రెండేండ్లలో ఒకరికి గోరు ఊడలే. చక్రం తప్పదు, ముసలోడి చెయ్యే తప్పింది."

"అంతకుముందు ఇది ఎవరి దగ్గరుండేది?"

"స్టోరు చూసే బొజ్జన్న దగ్గర. చావు జరిగిన గడియనుంచీ నా బీరువాలోనే ఉండాది."

పరాంకుశం భూతద్దం పెట్టి చూశాడు. రేకంతా తుప్పు. నడిమి రివిట్టు తల మాత్రం తళతళలాడుతోంది. ఓబులేసుకది కనపడింది గానీ, దాని అర్థం మాత్రం అంతుపట్టలేదు.

"గిడ్డయ్యకూ లక్ష్మన్నకూ పడదు సార్, ఊరంతా ఎరుక," అన్నాడు బొజ్జన్న అడక్కుండానే. బసవన్న పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పాడు: "స్టోర్లో తూటాలు మాయమైతాండాయి, రెడ్డితో చెప్తానని లక్ష్మన్న అంటాండె సార్."

మధ్యాహ్నం ఎండ నెత్తిన మంటపెడుతుండగా, సబిన్‌స్పెక్టరుతో సహా అందరినీ గుంత దగ్గర నిలబెట్టాడు పరాంకుశం. చక్రం తిప్పాడు. కిటికీలో నాలుగు.

"తలా ఒక ఒత్తి కోయండి. ఎవరు కోసింది వాళ్లే ముట్టించాలి."

ఓరి దేవుడా, ఇదేం పరీక్ష! ఓబులేసు వెనక్కి జరిగాడు. అయినా నాలుగడుగులు కొలిచి కోశాడు. రెడ్డి నాలుగు. బసవన్న పెదవులు తడుపుకుంటూ నాలుగు. బొజ్జన్న చక్రం వైపు చూడనైనా చూడకుండా కత్తి దించాడు.

"కొలువు ఓబులేసూ."

"ఆరు సార్!"

"చక్రం నాలుగంటే నువ్వు ఆరెందుకు కోశావప్పా?"

"భయమేసింది సార్..."

"భయం అందరికీ ఉంది. అయినా అందరూ చక్రాన్నే నమ్మారు. అది అబద్ధమని తెలిసినవాడొక్కడే నమ్మలేదు. రెడ్డిగారూ, ఇంజనీరు రాసిచ్చిన కాగితంలో ఈ లోతుకు ఎంతుంది?"

రెడ్డి జేబులోంచి కాగితం తీసి విప్పాడు. ఆరు.

"ఈ బొజ్జన్న రివిట్టు ఊడదీసి, పైబిళ్లను జరిపి, కొత్త రివిట్టు కొట్టాడు. తూటాలు దొంగచాటుగా అమ్ముతున్న సంగతి బయటపెట్టబోయిన లక్ష్మన్న నోరు మూశాడు. మళ్లీ సరిచేద్దామంటే చక్రం బీరువాకెక్కింది. కోసిన చెయ్యి గిడ్డయ్యది, కోయించిన బుద్ధి ఇతనిది."

బొజ్జన్న కూలబడ్డాడు. బసవన్న చేతిలోని ఒత్తిని పామును విసిరినట్టు విసిరేశాడు.

సాయంత్రం ఠాణా గుమ్మంలో హులిగెమ్మ భర్త చెయ్యి పట్టుకుని బావురుమంది. "చక్రం బాగుచేయిస్తా, మళ్లీ పనికి రాప్పా," అన్నాడు రెడ్డి.

"బొజ్జన్న చక్రాన్ని జరిపినాడు. నా కన్నును ఎవురూ జరపలే గదా సామీ. అది వద్దంటాంటే నేనే కోస్తి," అన్నాడు గిడ్డయ్య. అతని కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి.

తిరుగు రైల్లో పరాంకుశం నవ్వుతూ అడిగాడు. "ఆ రివిట్టు నువ్వూ చూశావు కదా. నిజంగా ఆ నాలుగడుగులు ముట్టించేవాడివా ఓబులేసూ?"

"మీరు చెప్పారు కదా సార్!"

పరాంకుశం నవ్వు ఆగిపోయింది. "ఇకమీదట నేను చెప్పినా సరే, నీ కన్ను వద్దంటే కోయకు," అన్నాడు.