వెన్నముద్దా, మిరపకాయా

"ఆపండి! ముందు స్విచ్ ఆపండి!"

ఆమె కేక వేసేసరికే పరీక్ష గదిలో వాషింగ్ మెషీన్ పొంగిపొర్లింది. నీళ్లు ఎదుటి సీటు సహోద్యోగి బూట్లలోకి వెళ్లాయి.

ఆ మెషీన్‌ని నడిపే ప్రోగ్రాం ఆమె రాసింది. ఇంకాస్త వేగంగా నడవాలని, ఆ ప్రోగ్రాంని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ సెట్టింగ్‌ని ఆ పొద్దున్నే మార్చింది అతను.

"నా కోడ్ ఇన్నాళ్లూ బంగారంలా నడిచింది. మీరు వేలు పెట్టారు, కొంప మునిగింది."

"బంగారమే, లోపల రాగి ఉంది." అతను ప్యాంటు మడుచుకున్నాడు. "నీటిమట్టం దాచిన చోటు ఒకటే. ఆ చోటు చూపే పాయింటర్ ఒకటి అక్కడ రెండు చిన్న ముక్కలుగా రాస్తోంది, ఇంకోటి ఒకే పెద్ద అంకెగా చదువుతోంది. రకాలు వేరైతే చోట్లూ వేరేనని కంపైలర్ నమ్ముతుంది. అందుకే నీళ్లు నిండినా మళ్లీ చూడకుండా పాత అంకెనే పట్టుకుని కూర్చుంది."

"చూస్తే దాని సొమ్మేం పోయింది?"

"సి భాషలో రాసేవాళ్లు ఒకే చోటుకి రెండు వేషాలు వెయ్యరని నియమం. తప్పింది మీరు."

ఇంటికెళ్లి ఆమె కారాలు మిరియాలు నూరింది. "అమ్మా, ఆ మిరపకాయ ఇవాళేం చేశాడో తెలుసా!"

తల్లి మోకాలికి వేడినీళ్ల సంచీ పెట్టుకుంటూ నవ్వింది. "రోజూ వాడి ఊసేనా? మా వెన్నముద్ద సంగతి ఒక్కసారైనా వినవు."

వెన్నముద్ద ఫిజియోథెరపీ దగ్గర తల్లికి పరిచయమైన కుర్రాడు. వాళ్ల అమ్మమ్మ కాలు వంచడానికి భయపడితే, పక్కనే నేలమీద కూలబడి తనూ కాలు వంచుతాడు.

"ఆవిడ మనవడికి నిన్నిమ్మని అడిగిందే. ఆదివారం వస్తారట. పోనీ, ఫోటో చూడు."

"చూడను. అంత మెత్తటి మనిషితో పోట్లాట కూడా కుదరదు. వద్దని చెప్పెయ్."

రేపు మిరపకాయకి ఏం జవాబు చెప్పాలా అని ఆమె మనసు అప్పుడే ఆఫీసుకి వెళ్లిపోయింది.

కానీ మర్నాటినుంచి అతను ముక్తసరిగా మాట్లాడసాగాడు. ఆమె కోడ్‌లో ఒక్క తప్పూ పట్టలేదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. వారం చివర్లో మేనేజర్ చల్లగా చెప్పాడు, అతను వేరే బ్రాంచ్‌కి అడిగి మరీ వెళ్తున్నాడని.

ఆమె గబగబా మెట్లు దిగింది. అతను గేటు దగ్గర వాన తగ్గడం కోసం చూస్తున్నాడు.

"వెళ్లిపోతున్నారట! ఎందుకు?"

"మీకు తెలీదా?"

"తెలిస్తే ఇలా తడుస్తూ అడుగుతానా?"

అతను వానకేసి చూస్తూ అన్నాడు. "ఫిజియోథెరపీ దగ్గర మీ అమ్మగారు మీ ఫోటో చూపించారు. మీరేనని తెలిశాక, అడగమని అమ్మమ్మని బతిమాలింది నేనే. నా ముఖం కూడా చూడనన్నారట. ఇంక రోజూ ఎదురుగా కూర్చోవడం నావల్ల కాదు."

"నేలమీద కూలబడి కాలు వంచే అబ్బాయి... మీరా?"

"మరెవరనుకున్నారు?"

"అతను మెత్తటివాడు. మీరేమో..." ఆమె నాలుక కరుచుకుంది. "రకం వేరు కదా, మనిషీ వేరే అనుకున్నాను. చూడనే లేదు."

అతనికి నవ్వాగలేదు. "కంపైలర్‌ని తిట్టిన నోరేనా అది?"

ఆమె అప్పటికే ఫోన్ తీసింది. "అమ్మా, ఆదివారం వాళ్లని రమ్మను... ఆ, నేనే అంటున్నాను. జ్వరమేం లేదు!"

ఫోన్ పెట్టేసరికి అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మరి మేనేజర్‌కి ఏం చెప్పను?"

"నా కోడ్‌లో ఇంకా బోలెడు తప్పులున్నాయని, వదిలి వెళ్లడం కుదరదని చెప్పండి."

"ఉన్నాయా?"

"లేకపోతే చేస్తాను. పదండి, ఆయన వెళ్లిపోతాడు!"