ఏరేసిన ఊపిరి

ఆ నెలంతా రికార్డిస్టు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాడు. ఒక పెట్టె కొనాలి. పెట్టె అంటే బట్టలు పెట్టుకునేది కాదు. లోపల హార్డ్ డిస్కులు వరసగా బిగించి, ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నీ వాడుకునేలా నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజీ సర్వరు. చెప్పుల కొట్లో కూచుని వంద జతలు దింపించేవాళ్ళు కూడా అన్ని వంకలు పెట్టరు. ఒకటి పొడుగెక్కువ, ఒకటి మోత ఎక్కువ, ఇంకొకటి అన్నివిధాలా బాగుంది కానీ రెండు డిస్కులకు మించి పట్టదు.

అతని ఆదుర్దాకు కారణం లేకపోలేదు. అతని భార్య పుస్తకాలు చదువుతుంది. మనసులో చదువుకోవడం కాదు, మైకు ముందు కూచుని పైకి చదవడం. చూపులేని పిల్లల బడికి పాఠాలు, పుస్తకాల కంపెనీలకు నవలలు. ముందుగది గోడలకు పాత పరుపులు తగిలించి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, పదకొండేళ్ళ కిందట దాన్నే స్టూడియో అనుకున్నారు. అప్పటినుంచీ ఆమె చదువుతుంది, అతను రికార్డు చేస్తాడు. చదివిందంతా ఆరు విడి డిస్కుల్లో, ఒక అట్టపెట్టెలో ఉంది.

పోయిన నెల ఆ ఆరింటిలో ఒకటి రెండు రోజులు టిక్కు టిక్కుమని మూలిగి చచ్చిపోయింది. పది రోజుల కిందట డాక్టరు ఆమె గొంతులోకి సన్నటి గొట్టం దింపి చూసి, స్వరతంతువు మీద కాయ ఉందన్నాడు. గురువారం ఆపరేషను. "ప్రాణానికేం భయం లేదమ్మా. గొంతు మాత్రం మునుపట్లా వస్తుందో రాదో చెప్పలేను" అన్నాడు. అప్పటిదాకా ఒక్కమాట మాట్లాడొద్దని ఒట్టేయించినంత పనిచేశాడు. ఆ పది రోజులుగా ఆమె ఏం కావాలన్నా నోటుపుస్తకంలో రాసి చూపిస్తోంది. గురువారం తరవాత ఆ గొంతు మిగిలేది ఆ అట్టపెట్టెలోనే కావచ్చు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా రికార్డిస్టుకు తిన్నది ఒంటబట్టేది కాదు.

సర్వరు ఎంపికకు పెద్ద దిక్కు బావమరిది. ఆమెకు తమ్ముడు, బజార్లో కంప్యూటర్ల కొట్టు.

"మెట్లకింద గూట్లో పట్టాలిరా. లోతు మూరెడు. వెనక వైర్లకు జానెడు వదలాలి. పక్కనే స్టూడియో, కాబట్టి చప్పుడు చెయ్యకూడదు."

"చోటు తినకూడదు, నోరెత్తకూడదు, చావకూడదు. బావా, నీక్కావలసింది సర్వరు కాదు, తపస్సు చేసుకునే ముని."

ఆఫీసుల్లో ఇనప చట్రంలో అరల్లాగా బిగించే రకాలు బారెడు పొడుగుంటాయి. పొట్టి రకాలు గూట్లో పడతాయి కానీ వాటి ఫ్యాన్లు చిన్నవి. చిన్న ఫ్యాను అంత గాలీ తోలాలంటే గింగురుమంటూ తిరగాలి. కొట్లో మూడింటిని ఆన్ చేయించి, ఒక్కొక్కదానికీ చెవి ఆనించి విన్నాడు. మొదటిది దోమల గుంపు. రెండోది మరీ ఘోరం. మూడోది పలకలా పల్చగా, నాలుగు డిస్కులు పట్టేంత వెడల్పుగా, మూరకు జానెడు తక్కువగా ఉంది.

"ఇది ఆన్ చెయ్యి మరి" అన్నాడు.

"ఆన్‌లోనే ఉంది బావా."

రికార్డిస్టు నమ్మలేదు. ముందున్న చిల్లుల దగ్గర వేలు పెట్టి చూశాడు. గాలి లోపలికి పోతోంది. చప్పుడు లేదు.

"ఒక ఆఫీసువాళ్ళు తీసుకుని వారంలో తెచ్చి పడేశారు. మోత ఎక్కువట!" బావమరిది నవ్వాడు. "వాళ్ళ చెవుల్లో ఏం దూరిందో. దీనికింకో గుణం ఉంది. ఒకే ముక్క వంద ఫైళ్ళలో ఉంటే వందసార్లు దాచదు. ఒక్కసారే దాచుకుని, తక్కినచోట్ల 'అక్కడుంది చూసుకో' అని చీటీ పెట్టుకుంటుంది. చోటు కలిసొస్తుంది."

"గొంతుకు అది పనికిరాదురా. ఒకే మనిషి ఒకే మాట రెండుసార్లు పలికినా రెండూ ఒకటి కావు."

"పోనీ ఊరికే వస్తోంది, పడుండనీ."

ఆదివారం పొద్దున మెట్లకింద గూట్లో దాన్ని బిగించారు. కొత్త డిస్కులు నాలుగు, ప్రతి ఫైలూ రెండు చోట్ల ఉండేలా. బావమరిది వెళ్ళిపోయాక రికార్డిస్టు పాత డిస్కుల్ని ఒక్కొక్కటే తగిలించి, లోపలికి ఎక్కించడం మొదలుపెట్టాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది. గొంతు కోసం చప్పరించే పుదీనా బిళ్ళల వాసన ఆమె కంటే ముందొచ్చింది. పుస్తకంలో రాసి చూపించింది: 'నన్నంతా దీంట్లో పోసేస్తున్నారా?'

"చుక్క కూడా ఒలకనివ్వను, చూడు" అన్నాడు.

ఆమె నవ్వి, అలసటగా ఉందని సైగ చేసి, నడిమింటి గదిలో నడుం వాల్చడానికి వెళ్ళింది. ఆమె ఊపిరి అతనికి ఆ గది నుంచి కూడా వినబడుతూనే ఉంది. వీధిలో అందరూ అతన్ని చెవులాయన అనేది అందుకే. ఎడమ ముక్కు కొంచెం బిగుసుకుని, పీల్చేటప్పుడు సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల అతని కంటే బాగా ఎరిగినవాడు లేడు. పదకొండేళ్ళుగా దాన్ని ఏరుతున్నవాడు అతనే మరి.

చదివేటప్పుడు మనిషి గాలి పీలుస్తుంది, అది మైకులో పడుతుంది. కంపెనీలకు అది గిట్టదు. అతను ఒక్కొక్క ఊపిరినీ కత్తిరించి, ఆ ఖాళీలో గది నిశ్శబ్దం అతికిస్తాడు. ఆ పనికి వాళ్ళింట్లో పేరు గాలి ఏరడం. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, ఒక నవలకు వారం రోజులు. కొందరు ఒకటో రెండో వదిలేస్తారు. రికార్డిస్టు ఒక్కటీ వదలడు, అదే అతని గొప్ప. బడి పిల్లొకడు ఒకసారి "టీచరమ్మ పాఠం వింటుంటే నాకు ఆయాసం వస్తోంది" అన్నాడని తెలిసి, మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాడు.

నాలుగింటికి తెర మీద రెండు గీతలున్నాయి. మొదటిది, ఎక్కించిన సరుకు. రెండోది, అది నిజంగా పట్టిన చోటు. పొద్దున్నుంచి రెండూ జోడెద్దుల్లా కలిసే నడిచాయి. ఇప్పుడు మొదటిది సాగుతోంది. రెండోది ఆగిపోయింది. చూస్తుండగానే వెనక్కి తగ్గింది.

రికార్డిస్టు బావమరిదికి ఫోన్ చేశాడు.

"మంచిదే కదా, ఒకే ముక్క చాలాచోట్ల దొరికింది దానికి. నువ్వు అతికించే నిశ్శబ్దం అయ్యుంటుంది."

"నేను ఏ రోజు నిశ్శబ్దం ఆ రోజే రికార్డు చేస్తానురా. ఒక రోజుది ఇంకో రోజుకు కలవదు."

"మరి ఏం కలిసింది బావా?"

ఎక్కువసార్లు దొరికిన ముక్కల పట్టిక ఒకటుంది. తెరిచాడు. పట్టికలో ఉన్నది ఒకే ఒక్క ముక్క. ఒకటిన్నర సెకను నిడివి. నాలుగు లక్షల పన్నెండు వేల చోట్ల ఉంది. ఆ అంకె ఇంకా పెరుగుతోంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని నొక్కాడు.

ఊపిరి. సన్నటి ఈలతో, లోపలికి.

మళ్ళీ నొక్కాడు. లోపలికి పీల్చడమే ఉంది. వదలడం లేదు.

పదకొండేళ్ళ కిందటి మొదటి పుస్తకం తెరిచాడు. అతను ఏరిన ప్రతిచోటా అది ఉంది. పోయినేడాది నవల తెరిచాడు. అక్కడా అదే. వానాకాలం, ఎండాకాలం, జలుబు చేసిన రోజూ, నవ్వాపుకోలేక మూడుసార్లు ఆపిన రోజూ... అన్నిటా వెంట్రుకవాసి తేడా లేకుండా అదే ఊపిరి. అట్టపెట్టెలోంచి పాత డిస్కు తీసి తగిలించి, అసలు ఫైలు విన్నాడు. శుభ్రంగా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. నమ్మకం చాలక రెండోసారి విన్నాడు.

ఉంది.

బయట వెలుతురు తగ్గుతోంది. లేచి దీపం వేయాలని కూడా తోచలేదు. పరుపుల గోడల మధ్య గది చెమ్మ వాసన వేస్తోంది. మెట్లకింద గూటి తలుపు ఓరగా ఉంది. పొద్దున్నుంచీ ఉలుకూ పలుకూ లేని ఆ పెట్టె దగ్గర ఇప్పుడేదో కదులుతోంది. చప్పుడు కాదు... గాలి. అతని మెడ మీదుగా, చెవి పక్కనుంచి, గూటివైపు నెమ్మదిగా పోతోంది. ఆగుతోంది. మళ్ళీ పోతోంది. ఒక్కసారీ తిరిగి రావడం లేదు. దగ్గరికెళ్ళి వంగాడు. కొత్త రబ్బరు వాసన, వేడెక్కిన దుమ్ము వాసన, వాటి అడుగున పుదీనా బిళ్ళల వాసన.

ఫోన్లో ఇంకా ఉన్న బావమరిదికి విన్నదంతా చెప్పాడు. "తీగ పీకెయ్ బావా" వాడు గుసగుసలాడాడు. వాడెందుకు గుసగుసలాడుతున్నాడో వాడికే తెలియదు.

"ఆఖరి డిస్కు ఎక్కుతోందిరా. అదీ టిక్కుమంటోంది. మధ్యలో ఆపితే..."

"అక్క ఇంట్లోనే ఉంది కదా. డిస్కు పోతే పోయింది."

"నాలుగు రోజుల్లో దాని గొంతే ఉండకపోతే?" అన్నాడు రికార్డిస్టు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పదకొండేళ్ళ పని, పిల్లలకు మిగలాల్సిన గొంతు, తనకు మిగలాల్సిన గొంతు మొత్తం చెడిపోయింది. మళ్ళీ నాలుగు లక్షల ఊపిర్లు ఏరడానికి ఈ జన్మ చాలదు.

అప్పుడు పట్టిక కింద చిన్న అక్షరాలు కనబడ్డాయి. 'ఈ ముక్కను అన్ని చోట్లా తీసేయాలా?'

నిజమే కదా. అది ఉన్నది ఒక్కసారే. తక్కినవన్నీ చీటీలు. ఒక్కదాన్ని ఏరితే నాలుగు లక్షలూ పోతాయి.

"దాంట్లో ఒక మీట ఉందిరా, ఒకేసారి..."

"ఏం మీట? అట్లాంటి మీట దాంట్లో లేదు బావా. నేనెన్ని అమ్మలేదు? నువ్వు దేన్నీ ముట్టుకోకు, వస్తున్నా..."

ఏరడం అలవాటైన చెయ్యి. నొక్కేసింది.

అంకె గబగబా పడిపోయింది. లక్షలు, వేలు, వందలు. సున్నా. మెడ మీది గాలి ఆగింది. రికార్డిస్టు మొదటి పుస్తకం విని చూశాడు. శుభ్రం. పోయినేడాది నవల. శుభ్రం. గుండెల మీది బండ దిగిపోయి, కుర్చీలో వెనక్కి వాలి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడే గమనించాడు. నడిమింటి గదిలోంచి కూడా ఏమీ వినబడటం లేదు.

"అయిపోయిందా అండీ?"

గుమ్మంలో భార్య. పది రోజుల తరవాత ఆ గొంతు. కాయ లేదు, జీర లేదు. మొదటి పుస్తకం నాటి గొంతు.

"నువ్వు... మాట్లాడకూడదుగా. డాక్టరు..."

"నొప్పి లేదండీ ఉన్నట్టుండి పోయింది గొంతులో అడ్డమేదో ఎవరో తీసేసినట్టుంది లేచి కూచుని నా పేరు నేనే పలుక్కుని చూసుకున్నాను గంటలా మోగింది ఇంక గురువారం వెళ్ళక్కర్లేదేమో తమ్ముడికి కూడా చెబుదాం వాడు భయపడుతున్నాడు ఆ బడివాళ్ళ పాఠాలు మిగిలిపోయాయి కదా రేపే మొదలుపెడదాం కావాలంటే ఇప్పుడే కూచుంటాను మైకు పెట్టండి..."

రికార్డిస్టు ముఖం మీద వచ్చిన నవ్వు సగంలో నిలిచిపోయింది. ఆమె సంగతి అతనికి తెలుసు. ఏడెనిమిది మాటలకొకసారి ఆగుతుంది. 'పోయింది' దగ్గర ఆగాలి. ఆగలేదు. 'తీసేసినట్టుంది' దగ్గర ఆగి తీరాలి. ఆగలేదు. మెడ కింది గుంటవైపు చూశాడు. అక్కడ చర్మం కదలడం లేదు. చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది.

"ఒక్కసారి..." చెయ్యి వదలకుండానే అన్నాడు. "ఒక్కసారి ఊపిరి పీల్చవే."

ఆమె అర్థంకానట్టు చూసింది. చంటిపిల్లాణ్ణి చూసినట్టు జాలిగా నవ్వింది. చెబుతూనే ఉంది. మైకు గురించి, మిగిలిన పాఠాల గురించి, రేపటి గురించి. ఎక్కడా ఖాళీ లేదు. ఎంతసేపటినుంచో ఊపిరి బిగపట్టి వింటున్న రికార్డిస్టుకు గుండెలు మండిపోయాయి. ఇక ఆగలేక, నోరు తెరిచి ఒక్కసారి గాలి పీల్చాడు.

తెర మీద సున్నా ఒకటి అయింది.

ఆమె మాట ఆపి అటు తిరిగింది. తెరను కాసేపు పరీక్షగా చూసింది. అతని భుజం మీదుగా వంగి, మౌసు మీద చెయ్యి వేసింది.

"ఒకటి వదిలేశారు చూడండి" అంది ప్రేమగా. "ఉండండి, ఇది నేను ఏరేస్తాను."